ముందు నీళ్లు, తర్వాత యంత్రాలు

1967 ఆగస్టు 4న ప్రధాని ఇందిరాగాంధీ నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. పన్నెండేళ్ల కిందట శంకుస్థాపన జరిగిన రాతి కట్టడం అది. కుడి కాలువ గుంటూరు మెట్టకు, ఎడమ కాలువ నల్లగొండ మెట్టకు. ఆ వార్త పత్రికల్లో పాతబడక ముందే, ఆగస్టు 9న, అమెరికాలో కొలరాడో రాష్ట్రపు డెన్వర్ నగరం ఊగింది. అది జరిగిన నాలుగు నెలలకు, డిసెంబర్ 11 తెల్లవారుజామున 4 గంటల 21 నిమిషాలకు, మహారాష్ట్రలో కోయనానగర్ నేలమట్టమైంది. దాదాపు 200 మంది నిద్రలోనే పోయారు.

సాగర్ నీళ్లకూ ఈ రెండు కంపాలకూ ఏ సంబంధమూ లేదు. డెన్వర్‌కూ కోయనాకూ మాత్రం ఉంది. ఒకచోట మనిషి పంపు పెట్టి భూమి లోపలికి ద్రవం ఎక్కించాడు. ఇంకోచోట ఏటికి అడ్డంగా గోడ కట్టి నీటిని నిలబెడితే, అది తనంతట తానే లోపలికి దిగింది. రెండుచోట్లా రాయి కదిలింది. భూమి లోపలి వేడితో కరెంటు తీయాలని తర్వాతి రోజుల్లో స్విట్జర్లాండ్‌లో, దక్షిణ కొరియాలో నీళ్లెక్కించినప్పుడు జరిగిందీ అదే. అరవై ఏళ్ల ఈ కథను వెనక్కి తిరిగి చూస్తే ఒక సంగతి పదే పదే ఎదురవుతుంది. నీళ్లు ముందు వస్తాయి. కంపాన్ని కొలిచే యంత్రాలు, అడిగేవాళ్లు, విచారణ సంఘాలు ఆ వెనుక వస్తాయి.

మన దగ్గర ఇప్పుడు ఈ ముచ్చట ఎందుకంటే, 2024 డిసెంబర్ 7 మధ్యాహ్నం మహబూబ్‌నగర్ జిల్లాలో 3.0 తీవ్రతతో భూమి కదిలింది. కేంద్రం కౌకుంట్ల మండలం దాసరిపల్లి దగ్గర అన్నారు. జూరాల ఒడ్డున ఉన్న ఆత్మకూరుకు అదేమంత దూరం కాదు. సరిగ్గా మూడు రోజుల ముందు ములుగు వైపు 5.3 కంపం వచ్చి హైదరాబాద్ దాకా మంచాలు కదిలించింది కనుక జనం ఇంకా ఆ గుబులులోనే ఉన్నారు. ఉమ్మడి పాలమూరు, నల్లగొండ జిల్లాల్లో ఆత్మకూర్లు మూడున్నాయి: వనపర్తి జిల్లాలో ఒకటి, సూర్యాపేట జిల్లాలో ఒకటి, యాదాద్రి భువనగిరిలో ఒకటి. తికమక పడకుండా చివరి రెండింటి పేర్ల పక్కన ఎస్ అనీ ఎం అనీ అక్షరాలు తగిలించారు. మూడింటి కిందా ఉన్నది ఒకటే రాయి, 250 కోట్ల ఏళ్ల కిందటి గ్రానైటు. ఇంత పాత బండ కదలదని తాతల నాటి నుంచీ నమ్మకం. కోయనాకు ముందు దక్కన్ అంతటి గురించీ దేశంలోని పెద్దలు నమ్మింది కూడా అదే.

ముందు డెన్వర్ సంగతి.

నగరం పక్కనే అమెరికా సైన్యానికి రసాయన ఆయుధాల కర్మాగారం ఉండేది. దాని మురుగు చెరువుల్లో నిలిపితే చుట్టుపక్కల బావులు పాడయ్యాయి, పంటలు మాడాయి. దానికి సైన్యం చేసిన ఆలోచన: 3,671 మీటర్ల లోతున బోరు వేసి ఆ విషాన్ని పాతాళంలోకి తోసేయడం. 1962 మార్చిలో పంపింగ్ మొదలైంది. ఏప్రిల్‌లో కంపాలు మొదలయ్యాయి. ఎనభై ఏళ్లుగా చెప్పుకోదగ్గ కంపం ఎరుగని ఊరు, మూడున్నరేళ్లలో 700 పైచిలుకు ప్రకంపనలు చూసింది. 1965 నవంబర్‌లో డేవిడ్ ఇవాన్స్ అనే భూగర్భ శాస్త్రవేత్త నెలవారీ పంపింగ్ లెక్కనూ నెలవారీ కంపాల లెక్కనూ ఒకదాని కింద ఒకటి గీసి జనం ముందు పెట్టారు. రెండు గీతలూ కలిసి లేచి కలిసి పడుతున్నాయి. సైన్యం ముందు ఒప్పుకోలేదు. 1966 ఫిబ్రవరిలో పంపింగ్ ఆపింది.

కథ అక్కడితో అయిపోతే బాగుండేది. పంపు ఆపిన ఏడాదిన్నరకు, 1967లో, అన్నిటికన్నా పెద్ద కంపాలు వచ్చాయి. లోపల చేరిన ఒత్తిడి పగుళ్ల వెంట మెల్లగా పాకుతూ, మనం పంపు కట్టేశాక కూడా, ఇంకో పెద్ద పగులును చేరుతుంది. కుళాయి కట్టేస్తే ధార ఆగుతుంది గానీ లోపలికి పోయిన నీళ్లు మన మాట వినవు. ఈ ఆలస్యం ఇక ముందు మూడు నాలుగుసార్లు కనిపిస్తుంది, ఒక్కోసారి ప్రాణాలు తీస్తూ.

నీళ్లు బండను ఎట్లా కదిలిస్తాయి? ఆత్మకూరు చుట్టుపక్కల బోరు వేస్తుంటే నిలబడి చూసినవాళ్లకు సగం సంగతి తెలుసు. పైన కొంత మన్ను, మొరం. అంతవరకు కేసింగు పైపు దించుతారు. దాని కింద బండ. కంప్రెషర్ గాలికి తెల్లటి రాతిపొడి ఎగిరి బండి మీద, చెట్ల మీద, మనుషుల మీద పడుతుంది. అప్పు చేసి బోరు వేయిస్తున్న రైతు ఆ పొడిని చేతిలోకి తీసుకుని నలుపుతూ ఉంటాడు. పొడి ఎండగానే వస్తున్నంతసేపు ఎవరూ మాట్లాడరు. ఎక్కడో మూడొందల అడుగుల్లో పొడి తడిసి బురదై పైకొస్తే, ‘గ్యాపు తగిలింది’ అంటాడు బోరు బండి మనిషి. గ్రానైటులో నీళ్లుండేది ఆ గ్యాపులోనే. మిగతా బండ ఎముకలా ఎండినదే. ఒకరి బోరులో రెండించుల నీళ్లు పడి, పది గజాల అవతల పక్కవాడి బోరు దుమ్ము లేపేది అందుకే.

అట్లాంటి గ్యాపులే కొన్ని కిలోమీటర్ల లోతు దాకా ఉంటాయి, కొన్ని చాలా పెద్దవి. వాటికి రెండు వైపులా ఉన్న బండల్ని పక్కల నుంచి నేల ఒత్తుతూనే ఉంటుంది. భారత భూఫలకం మొత్తం ఉత్తరానికి జరుగుతూ హిమాలయాలను తోస్తోంది కదా, ఆ తోపుడు ఇక్కడి రాతిలోనూ ఉంది. జారాలని ఉన్నా, మీది బరువు నొక్కిపట్టడం వల్ల బండలు ఒకదాన్నొకటి కరుచుకుని ఆగుతాయి. పగులులోకి నీళ్లు ఒత్తిడితో చేరితే అవి రెండు వైపులా బయటికి తోస్తాయి, పట్టు సడలుతుంది. నూనె పోసినట్టు నీళ్లు రాయిని జారుడు చేస్తాయని పేపర్లలో రాస్తుంటారు గానీ అది సరికాదు. పని చేసేది తడి కాదు, ఒత్తిడి.

1959లో కింగ్ హబ్బర్ట్, విలియం రూబీ అనే ఇద్దరు అమెరికన్లు దీన్ని లెక్కలతో నిరూపించారు. లెక్కలు చాలవనుకున్నారేమో, ఖాళీ బీరు డబ్బాతో ఒక చిన్న ప్రయోగం కూడా చెప్పారు. డబ్బాను బాగా చల్లబరిచి, తెరిచిన మూతి కిందికి వచ్చేలా తడి గాజుపలక మీద బోర్లించాలి. పలకను కొద్దిగా వాల్చినా అది కదలదు. కాసేపటికి డబ్బా వేడెక్కి లోపలి గాలి వ్యాకోచించి పైకి తోస్తుంది. అంతే, అదే వాలు మీద డబ్బా జర్రున జారిపోతుంది. డబ్బా బరువు తగ్గలేదు, పలక వాలు పెరగలేదు. లోపలి ఒత్తిడి ఒక్కటే మారింది.

ఇంతా విని, ఊళ్లో తవ్వించిన ఇంకుడు గుంతలతో భూకంపాలు వస్తాయా అని ఎవరైనా అడగొచ్చు. రావు. అవి పై మొరంలో, తమ బరువుకు తామే ఇంకే నీళ్లు.

డెన్వర్ తర్వాత అమెరికా భూగర్భ సర్వే వాళ్లు ఒక సాహసం చేశారు. అదే కొలరాడోలో రేంజ్‌లీ అనే చమురు క్షేత్రం ఉంది. చమురు పైకి తేవడానికి అప్పటికే అక్కడ నీళ్లెక్కిస్తున్నారు, చిన్న కంపాలూ వస్తున్నాయి. 1969 నుంచి 1973 దాకా వాళ్లు చుట్టూ యంత్రాలు పెట్టి, ఒత్తిడి ఇంత దాటితే కంపాలు వస్తాయని ముందే లెక్కగట్టి, పంపును పెంచి చూశారు, తగ్గించి చూశారు. పెంచితే వచ్చాయి, తగ్గిస్తే ఆగాయి. మనిషి భూకంపాన్ని తన చేత్తో ఆడించి చూడటం అదే మొదలు. ముందు యంత్రాలు పెట్టి తర్వాత పంపు తిప్పిన అరుదైన సందర్భం కూడా అదే.

జలాశయాల కథ ఇంకా పాతది. అమెరికాలో హూవర్ డ్యాం కట్టాక 1930లలో మీడ్ సరస్సు నిండుతుంటే కంపాలు వచ్చాయి. తర్వాత చైనాలో షిన్‌ఫెంగ్‌జియాంగ్ 1962లో, ఆఫ్రికాలో కరీబా 1963లో, గ్రీసులో క్రెమాస్టా 1966లో. మూడూ 6 దాటినవే. అయినా నాలుగోది మాత్రం మనదే, అన్నిటికన్నా పెద్దదీ మనదే.

కోయనా డ్యాం ఎత్తు 103 మీటర్లు. 1962లో నీళ్లు నిలపడం మొదలైనప్పటి నుంచే చుట్టుపక్కల ఊళ్లలో ఉరుముల్లాంటి చప్పుళ్లు, చిన్న కుదుపులు. కంపాలు ముదిరాక కొన్ని యంత్రాలు పెట్టారు. వాటిలో పడిన గీతలు డ్యాం పరిసరాల వైపే వేలు చూపిస్తుంటే కూడా, ద్వీపకల్పపు గట్టి నేల కదలదన్న నమ్మకం పోలేదు. 1967 డిసెంబర్ 11న 6.3 తీవ్రత. డ్యాం పగుళ్లిచ్చింది, నిలబడింది. ఊరు నిలబడలేదు. ప్రపంచంలో జలాశయం ప్రేరేపించిన భూకంపాల్లో ఈనాటికీ అదే పెద్దది.

ఇక్కడి నుంచి కథ హైదరాబాద్‌కు వస్తుంది. ఉప్పల్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, అదే మనం ఎన్‌జీఆర్‌ఐ అనేది, పుట్టింది 1961లో. కోయనా దానికి జీవితకాలపు పనైంది. హర్ష్ గుప్తా, బి.కె. రస్తోగి కలిసి 1976లో డ్యాంల మీదా భూకంపాల మీదా రాసిన పుస్తకాన్ని ఈ విషయం చదివే ప్రతివాడూ ఇప్పటికీ తిరగేయాల్సిందే. నీళ్లు ఎంత లోతున్నాయన్నదే కాదు, ఎంత వేగంగా పెరిగాయి, ఎన్నాళ్లు నిలిచాయి, అంతకు ముందెన్నడూ లేని మట్టాన్ని దాటాయా అన్నవీ ముఖ్యమని కోయనా నేర్పింది. వారంలో 12 మీటర్లకు మించి నీటిమట్టం పెరిగితే పెద్ద కంపానికి అవకాశం ఎక్కువని గుప్తా తేల్చారు. కోయనా చుట్టూ ముప్పై కిలోమీటర్ల పరిధిలో ఇప్పటికీ ఏటా వానాకాలం తర్వాత భూమి కదులుతూనే ఉంది. అందుకే అక్కడ భూమిలోకే వెళ్లి చూద్దామని బోర్లు వేశారు. పైనున్న నల్లరాతి పొర దాదాపు ఒక కిలోమీటరు ఉంది. దాని కింద తగిలింది మన గ్రానైటు లాంటి రాయే. 2017లో పూర్తయిన ప్రయోగాత్మక బోరు మూడు కిలోమీటర్ల లోతుకు వెళ్లింది. కంపాలు పుట్టే చోటికి దగ్గరగా యంత్రాలు దించి, పగులులో ఏం జరుగుతుందో జరుగుతుండగానే వినాలన్నది కోరిక. యాభై ఏళ్లు ఆలస్యమైనా మంచి పనే.

ఇక వేడి కోసం నీళ్లెక్కించే సంగతి.

భూమి లోపలికి పోయేకొద్దీ సగటున కిలోమీటరుకు 25 నుంచి 30 డిగ్రీలు వేడి పెరుగుతుంది. కొన్నిచోట్ల ఆవిరే పైకి తన్నుకొస్తుంది. కాలిఫోర్నియాలో ది గీజర్స్ అనే చోట 1960 నుంచి ఆవిరితో కరెంటు తీస్తున్నారు. తీసీ తీసీ లోపలి ఆవిరి తగ్గిపోతే, 1997 నుంచి లేక్ కౌంటీ మురుగునీటిని, 2003 నుంచి శాంటా రోజా నగరపు మురుగునీటిని శుద్ధి చేసి పైపుల్లో తెచ్చి లోపలికి పోస్తున్నారు. చల్లటి నీళ్లు వేడి రాతిని తాకి, రాయి ముడుచుకుని, పగుళ్లు కదిలి రోజూ చిన్న చిన్న కంపాలు వస్తుంటాయి. అక్కడి కొండ ఊళ్లవాళ్లు విసుక్కుంటూనే అలవాటు పడ్డారు.

ఆవిరి లేకపోయినా వేడి బండ ఉంటే చాలు కదా అన్న ఆలోచన 1970లలో అమెరికాలోని లాస్ ఆలమోస్ శాస్త్రజ్ఞులది. లోతుగా బోరు వేసి, పెద్ద ఒత్తిడితో నీళ్లు కొట్టి, బండలోని పగుళ్లను తెరిచి, ఒక బోరులో పోసిన నీళ్లు పగుళ్లగుండా వేడెక్కి రెండో బోరులో పైకి రావాలి. మాటల్లో ఎంతో బాగుంది. చిక్కల్లా ఎక్కడంటే, పగుళ్లు తెరవడమంటేనే చిన్న చిన్న భూకంపాలు పుట్టించడం. అవి చిన్నవిగానే ఆగుతాయన్న పూచీ ఎవరిస్తారు?

స్విట్జర్లాండ్‌లో బాజెల్ నగరం 1356లో భూకంపంతో ధ్వంసమైన ఊరు. ఆ ఊరి లోపలే 5 కిలోమీటర్ల బోరు వేశారు. వేడినీళ్లు ఇళ్లకు దగ్గరగా ఉంటేనే చలికాలంలో గదులు వెచ్చచేయడానికి పనికొస్తాయన్న లెక్క అది, నాకు అందులో తప్పు కనిపించదు. కానీ 650 ఏళ్ల కిందటి చరిత్ర తెలిసి కూడా అంత ధైర్యం చేయడం వేరే సంగతి. 2006 డిసెంబర్ 2 నుంచి ఆరు రోజుల్లో 11,500 ఘనపు మీటర్ల నీళ్లెక్కించారు. కంపాలు వేల లెక్కన పడుతుంటే 8వ తేదీన పంపింగ్ ఆపారు. ఆ సాయంత్రమే 3.4 కంపం వచ్చింది. ఎవరూ చనిపోలేదు, గోడలు బీటలు వారాయి. బీమా సంస్థలు దాదాపు 90 లక్షల ఫ్రాంకుల దాకా నష్టపరిహారం కట్టాయి. ప్రాజెక్టు నడిపిన భూగర్భ శాస్త్రవేత్త మార్కుస్ హేరింగ్‌ను కోర్టు బోనెక్కించారు, 2009లో నిర్దోషిగా వదిలారు. ప్రాజెక్టుకు మాత్రం తాళం పడింది. 2013లో అదే దేశంలో సెయింట్ గాలెన్‌లో 3.5 కంపం వచ్చింది, ఆ ప్రాజెక్టునూ తర్వాత వదిలేశారు.

బాజెల్‌కు యంత్రాలు ఉన్నాయి, హద్దు దాటితే ఆపాలన్న నియమం ఉంది, ఆపారు కూడా. అయినా ఆలస్యమైంది. డెన్వర్ సంగతి తెలిసినవాళ్లకు అందులో ఆశ్చర్యం లేదు. ఫ్రాన్స్‌లో స్ట్రాస్‌బర్గ్ పక్కన వెండెన్‌హైమ్‌లో 2020 డిసెంబర్‌లో 3.6 కంపం రాగానే పని ఆపేశారు. ఆపిన ఆరు నెలల తర్వాత 2021 జూన్‌లో వచ్చిన కంపం దానికన్నా పెద్దది.

అన్నిటికన్నా ఘోరం దక్షిణ కొరియాలోని పోహాంగ్. అక్కడ నాలుగు కిలోమీటర్లకు పైగా లోతున రెండు బోర్లు వేశారు. 2015లో రెండో బోరు వేస్తుండగా, 3.8 కిలోమీటర్ల దగ్గర బోరులో పోసే బురద ఒక్కసారిగా లోపలికి మాయమైంది. పాలమూరు బోరు బండి మనిషికి చూపిస్తే ‘పెద్ద గ్యాపు తగిలిందయ్యా’ అనేవాడు. తగిలింది కూడా. బోరు ఒక పెద్ద పగులును దాటుతోంది, ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. 2016 జనవరి నుంచి నీళ్లెక్కించారు. 2017 ఏప్రిల్ 15న 3 దాటిన కంపం వచ్చింది. కొన్నాళ్లు ఆగి, ఆగస్టులో మళ్లీ మొదలుపెట్టారు. సెప్టెంబర్ 18న చివరిసారి పంపు ఆపారు. రెండు నెలలకు, నవంబర్ 15న, 5.5 భూకంపం. వందమందికి పైగా గాయపడ్డారు, ఒకరు తర్వాత చనిపోయారు, వందల కుటుంబాలు ఇళ్లు వదిలి వ్యాయామశాలల్లో తలదాచుకున్నాయి. మర్నాడు జరగాల్సిన దేశవ్యాప్త కాలేజీ ప్రవేశ పరీక్షను వారం వాయిదా వేశారు. పిల్లల పరీక్ష కోసం విమానాలను కూడా కాసేపు ఆకాశంలోనే ఆపే దేశమది. ఎంసెట్ రోజుల్లో మన ఇళ్లల్లో ఉండే హడావిడి తెలిసినవాళ్లు ఆ వాయిదా బరువును ఊహించుకోగలరు.

కొరియా ప్రభుత్వం వేసిన సంఘం 2019 మార్చి 20న నివేదిక ఇచ్చింది: ఎక్కించిన నీళ్లే పగులును కదిలించాయి, కంపాల తీరు మారుతున్నప్పుడే ఆపాల్సింది. ఎక్కించిన నీటి పరిమాణాన్ని బట్టి భూకంపం ఎంత పెద్దదో ముందే చెప్పవచ్చని అప్పటిదాకా ఒక నమ్మకం ఉండేది. పోహాంగ్‌లో ఎక్కించింది బాజెల్ పాటి నీళ్లే. వచ్చింది మాత్రం వెయ్యి రెట్లకు మించిన శక్తి. ఎన్ని నీళ్లు పోశామన్నదాని కన్నా, లోపల ఏ పగులు ఎంత బిగుసుకుని ఉందన్నది అసలు లెక్క. ఆ లెక్క నీళ్లు పోయక ముందే వేయాలి.

2018లో ఫిన్లాండ్‌లోని ఎస్పోలో ఆ లెక్క ముందే వేసుకున్నారు. 6 కిలోమీటర్ల బోరు, చుట్టూ బోర్లలో యంత్రాలు, 49 రోజుల పంపింగ్, 18,000 ఘనపు మీటర్ల నీళ్లు. కంపం 2.1 దాటకూడదని నగరం పెట్టిన షరతు. రోజూ గీతలు చూస్తూ, పంపును తగ్గిస్తూ పెంచుతూ పోయారు. పెద్దది 1.9 దగ్గర ఆగింది. అంతా కుదిరింది గానీ, కావలసినంత వేడినీళ్లు మాత్రం పైకి రాలేదు.

నీళ్లు ఎక్కించడంలో అమెరికా చమురువాళ్లను మించినవాళ్లు లేరు. ఓక్లహోమాలో చమురుతో పాటు వచ్చే ఉప్పునీటిని తిరిగి లోతుకు తోస్తుంటే, 2015 ఒక్క ఏడాదే 3 దాటిన కంపాలు 900 దాకా వచ్చాయి. 2016 సెప్టెంబర్‌లో 5.8ది వచ్చాక నియంత్రణ కాస్త బిగిసింది, కంపాలు తగ్గాయి. టెక్సాస్‌లో డాలస్ పక్కనున్న ఇర్వింగ్ పేరు మన పల్లెల్లో కూడా చాలా ఇళ్లకు తెలుసు. కొడుకో కూతురో అక్కడే ఉంటారు. 2015 జనవరి 6న ఆ ఊరు ఒక్కరోజులో పదిదాకా కంపాలు చూసింది, పెద్దది 3.6. ఆ ప్రాంతపు కంపాలకు మురుగునీటి బోర్లతో ఉన్న లంకెను తర్వాతి అధ్యయనాలు బలపరిచాయి. దేశం గాని దేశంలో చెక్క ఇంట్లో రాత్రిపూట మంచం కదిలితే, అది అక్కడి నేల స్వభావమేమో అనుకుని సర్దుకున్నవాళ్లే ఎక్కువ.

మన నేల సంగతికి వద్దాం. తెలంగాణలో వేడి కోసం బండ పగలగొట్టి నీళ్లెక్కించిన చోటు లేదు. గోదావరి లోయలో మణుగూరు బుగ్గ, భద్రాచలం పక్కన ఉష్ణగుండాల లాంటి వేడినీటి ఊటలున్నాయి. మణుగూరు దగ్గర పగిడేరులో సింగరేణి 20 కిలోవాట్ల చిన్న ప్లాంటు పెట్టింది, కేంద్ర బొగ్గు శాఖ దానికి రూ.1.72 కోట్లు ఇచ్చింది. అక్కడ వేడినీళ్లు తమంతట తాము పైకి ఉబికేవే, వాటి వేడితో తక్కువ వేడికే మరిగే ఇంకో ద్రవాన్ని ఆవిరి చేసి టర్బైన్ తిప్పుతారు. బండను పగలగొట్టే పంపింగ్ లేదు. లద్దాఖ్‌లోని పూగాలో ఓఎన్‌జీసీ 2021లో ఒప్పందం చేసుకుని బోర్లు మొదలుపెట్టింది, అదీ ఇంకా తొలి అడుగుల్లోనే ఉంది. గ్రానైటులోని రేడియో ధార్మిక వేడితో భారతదేశంలో కరెంటు తీయొచ్చని ఐఐటీ బాంబేలో పనిచేసిన దోర్నాదుల చంద్రశేఖరం ఏళ్లుగా వాదిస్తున్నారు. ఆయన చెప్పే వేడి గ్రానైట్లు దేశంలో ఉన్నాయి. కానీ పాలమూరు కిందిది అట్లాంటిది కాదు. ఇక్కడి ధార్వార్ బండలో లోతుకు పోయేకొద్దీ వేడి పెరిగే తీరు ప్రపంచ సగటు కన్నా తక్కువని ఎన్‌జీఆర్‌ఐ కొలతలు ఎప్పుడో చెప్పాయి. ఆత్మకూరులో ఎవరైనా వేడి కోసం బోరు వేస్తామని వస్తే, భూకంపం సంగతి తర్వాత, ముందు పెట్టుబడి సంగతి అడగాలి.

మన దగ్గర లోపలికి దిగే నీళ్లన్నీ జలాశయాలవే. జలాశయాలు ప్రేరేపించిన భూకంపాల జాబితాల్లో మన పేర్లు కొన్ని ఉన్నాయి. 1969 ఏప్రిల్ 13 నాటి భద్రాచలం భూకంపాన్ని, 5.7 అని కొందరు, 5.3 అని కొందరు కొలిచినదాన్ని, కిన్నెరసాని జలాశయం ఖాతాలో వేసినవారున్నారు. గోదావరి లోయే పాత పగుళ్ల తొట్టి కాబట్టి నేనైతే అంత తొందరపడను. 1982 జనవరిలో గండిపేట దగ్గర వచ్చిన 3.5నూ అట్లాగే జాబితాకెక్కించారు. అప్పటికి ఆ చెరువుకు అరవై ఏళ్లు, అన్నాళ్లు ఊరుకుని అప్పుడే ఎందుకు కదిలిందో చెప్పడం కష్టం. 1984లో శ్రీరాంసాగర్ చుట్టూ వచ్చిన చిన్న కంపాల్ని మాత్రం యంత్రాలు పెట్టి దగ్గర్నుంచి చదివారు. నాగార్జునసాగర్ 124 మీటర్ల డ్యాం, శ్రీశైలం 145. కోయనా కన్నా ఎత్తైనవి. నిండి దశాబ్దాలు గడిచినా పెద్దది ఏదీ రాలేదు. అది వాటి కింది రాయి చేసిన పుణ్యం.

పులిచింతల అట్లా ఊరుకోలేదు. పాత నల్లగొండ జిల్లా తూర్పు చివర, ఇప్పటి సూర్యాపేట జిల్లా చింతలపాలెం మండలానికి ఆనుకుని, కడప బేసిన్ అంచున ఉన్న జలాశయమది, సామర్థ్యం 45.77 టీఎంసీలు. పూర్తిగా నిండింది 2019లో. ఆ చలికాలంలో ఊళ్ల కింద చప్పుళ్లు మొదలయ్యాయి. 2020 జనవరి 26 తెల్లవారుజామున 2 గంటల 37 నిమిషాలకు 4.6. హుజూర్‌నగర్, కోదాడ వైపు జనం చలిలో పిల్లాపాపలతో రోడ్ల మీదికొచ్చారు. మండలంలో ఎన్‌జీఆర్‌ఐ యంత్రాలు పెట్టింది కంపాలు మొదలయ్యాకే. 2021 ఆగస్టు 5న డ్యాం 16వ గేటు కొట్టుకుపోయి నీళ్లు ఖాళీ అవుతుండగా, 8వ తేదీన మళ్లీ 3 స్థాయి కంపాలు. నిండినా కదిలింది, దిగినా కదిలింది. మట్టం పెరగడమే కాదు, గబగబా తగ్గడం కూడా పగుళ్ల మీది బరువును మారుస్తుంది కనుక శాస్త్రానికి ఇది విడ్డూరం కాదు. చింతలపాలెం రైతుకు మాత్రం ఈ సంగతి ముందుగా ఎవరూ చెప్పలేదు. ఆ ఏడాదే జూలై 26న అచ్చంపేట వైపు 4.0 కంపం వచ్చింది, శ్రీశైలానికి వరద వస్తున్న రోజుల్లో. ఒక్క సంఘటనతో ఏదీ తేల్చలేం.

2024 డిసెంబర్ నాటి ములుగు కంపాన్ని కాళేశ్వరం బరాజ్‌లకు అంటగట్టినవాళ్లు చాలామంది. దాని లోతు 40 కిలోమీటర్లని జాతీయ భూకంప కేంద్రం చెప్పింది. అంత లోతుకు బరాజ్ నీళ్లు చేరడమన్నది ఊహకు అందదు. ఇక దాసరిపల్లి. జూరాల 1995 నుంచి నిండుతోంది, లోతు తక్కువ, మొదట్లో 12 టీఎంసీలు కూడా లేని జలాశయం. దాన్ని అనుమానించడం సులువు, నిరూపించడం కష్టం. ఎందుకంటే జూరాల నిండక ముందు ఆ నేల ఏడాదికి ఎన్నిసార్లు కదిలేదో ఎవరూ రాసిపెట్టలేదు. 1990ల మొదట్లో ఆత్మకూరు దగ్గర ఒక యంత్రం ఉండుంటే, ఇవాళ ఈ ప్రశ్నకు జవాబు చెప్పడం ఇంత కష్టమయ్యేది కాదు.

పాలమూరు–రంగారెడ్డి ఎత్తిపోతల జలాశయాలు ఇప్పుడు అదే గ్రానైటు మీద లేస్తున్నాయి: నార్లాపూర్, ఏదుల, వట్టెం, కరివెన, ఉదండాపూర్. 2023 సెప్టెంబర్ 16న నార్లాపూర్‌లో తొలి పంపు తిరిగింది. కరివెనకు కురుమూర్తిరాయ జలాశయమని పేరు పెట్టారు. దీపావళి దాటాక జాతరకు ఆత్మకూరు, అమరచింత జనం బండ్లు కట్టుకుని పోయే కురుమూర్తి స్వామి పేరది. ఈ జలాశయాల్లో చాలావాటికి నీళ్లు ఇంకా నిండుగా చేరలేదు. ఒక భూకంప లేఖిని, దానికో చిన్న గది, సోలార్ పలక, రోజూ గీతలు హైదరాబాద్ చేరే ఏర్పాటు: ఇవి పెట్టడానికి కావలసిన డబ్బు ఒక పంపు మోటారు ఖరీదులో లెక్కకు రాదు. జలాశయం నిండక ముందు రెండు మూడేళ్ల గీతలు చేతిలో ఉంటే, నిండాక వచ్చే ప్రతి కుదుపునూ వాటితో పోల్చవచ్చు. నిండిన తర్వాత పెట్టే యంత్రానికి ఆ పోలిక ఎన్నటికీ దొరకదు.